అప్‌డేట్: నూరువరహాల ఆకులు మాడటానికి కారణం బోరునీళ్లే

రాజోలు దగ్గర మా ఇంటి ముందున్న పదేళ్ల నూరువరహాల కంచె గోధుమరంగుకు తిరుగుతోందని ఏప్రిల్‌లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తెగులు కాదు, పురుగూ కాదు. "మచ్చలు ఆకు మధ్యలోనా, కొన నుంచి లోపలికా? నీళ్లు ఎక్కడివి?" అని అడిగినవారిదే సరైన దారి. మాడింది కొనలూ అంచులే. కాలువల్లో నీళ్లు ఆపేసినప్పటి నుంచి పోస్తున్నది బోరునీళ్లే. కడియంలో నర్సరీ ఉన్న ఒకాయన చెబితే ఆ నీళ్లు పరీక్ష చేయించాం. ఉప్పు కొలిచే ఈసీ 3.6 వచ్చింది, 3 దాటితే చాలా మొక్కలకు ఇబ్బందే. ఎండకి వాడుతోందనుకుని నేనేమో రోజూ రెండు పూటలా అవే పోశాను!

వేపనూనె దండగ. డీఏపీ ఎరువు వేయడం ఇంకా తప్పు, అదీ ఉప్పే కదా.

జూన్‌లో కాలువ వదిలాక వారానికోసారి మొదలు నిండా కాలువ నీళ్లు పెట్టి, ఉప్పు కిందికి దిగిపోయేలా లోతుకు ఇంకనిచ్చాం. నిలవకుండా పక్కన బోదె తీశాం. గోరుతో గీకితే లోపల పచ్చ కనపడని కొమ్మలు కోసేశాం. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దానికోసం చూడకండి, కొత్త చిగురే లెక్క. మాకు ఆగస్టుకి శుభ్రంగా వచ్చింది.

గేటు పక్క రెండు మొక్కలు మాత్రం పోయాయి. అక్కడ అమ్మ గన్నేరు పెట్టింది, అది ఉప్పుకి ఓర్చుకుంటుంది.