ఇన్‌ఫ్రారెడ్ అలారం 3 మీటర్లు దాటడం లేదు, 12 మీటర్లకు ఎలా పెంచాలి?

మాది కొత్తపట్నం దగ్గర. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి ఎవరైనా నడిస్తే బజర్ మోగేలా ఇన్‌ఫ్రారెడ్ అలారం సొంతంగా చేశాను. 555 టైమర్ చిప్‌తో 38 కిలోహెర్ట్జ్ (సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరే) సిగ్నల్, దాన్ని పంపే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, అవతల దాన్ని అందుకునే టీఎస్‌ఓపీ 1738 రిసీవర్.

ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంప్సే ఇస్తున్నా. దూరం 4 రెట్లు కావాలంటే వెలుతురు 16 రెట్లు ఉండాలి కదా, ట్రాన్సిస్టర్ పెట్టి కరెంటు 100 మిల్లీఆంప్స్‌కి పెంచినా 5 రెట్లే, సరిపోదు. ముందు భూతద్దం పెడితే అందుతుందా? ఇంకో అనుమానం. ఆగకుండా వచ్చే 38 కిలోహెర్ట్జ్‌ని ఈ రిసీవర్ నాయిస్ (అక్కర్లేని సిగ్నల్) అనుకుని సెన్సిటివిటీ తగ్గించుకుంటుందట, విడతలుగా పంపాలట. నా సమస్య అదేనేమో. దానికి రెండో 555 చాలా? విడత, విరామం ఎంతెంత పెట్టాలి?

రొయ్యల పట్టుబడికి మూడు వారాలే ఉంది, రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.