సమస్య: రక్త మిచ్చి చంపె రక్షకుండు

నిర్వాహకుడు:
బ్రామ్ స్టోకర్ 1897లో వెలువరించిన 'డ్రాకులా'ను ఈ వారం మళ్లీ చదివాను. చిన్నప్పుడు కోరలకు భయపడిన నాకు ఈసారి వైద్యుల చేతిలోని సూదిని తలచుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ భయంలోంచే ఈ పాదం పుట్టింది. నవల దాటకుండా పూరించండి.

రక్తనిధి:
నలుగు రొసగినారు నాళాన నెత్తురు
వర్గ మెరుగకుండ వైద్య మనుచు
లూసి తనువులోన లోహితములె పోరె
రక్త మిచ్చి చంపె రక్షకుండు

గాజుపలక మీద నెత్తుటి చుక్కలో యాంటీ సీరం (రక్తవర్గాన్ని పట్టిచ్చే ద్రవం) కలిపి చూడడం నా రోజువారీ పని. పొసగని సీరం తగిలితే ఆ ఎర్రటి చుక్క క్షణాల్లో విరిగిన పాలలా పలుకులు కడుతుంది. డ్రాకులా నెత్తురు పీల్చడంతో పాలిపోయిన లూసీకి ఆమె కాబోయే భర్త ఆర్థర్, వైద్యులు సీవర్డ్, వాన్ హెల్సింగ్, స్నేహితుడు క్విన్సీ ఒకరి తరువాత ఒకరు నెత్తురిచ్చిన పేజీల్లో నాకు ఆ పలుకులే కనబడతాయి. శాస్త్రవేత్త లాండ్‌స్టైనర్ వియన్నాలో రక్తవర్గాలను ప్రకటించింది 1901లో, అంటే నవల వచ్చిన నాలుగేళ్లకు.

కృష్ణాతీరం:
'లోహితములె పోరె' అప్పుడే నోటికి వచ్చేసింది. అయితే నలుగురు ఇచ్చారని మొదలుపెట్టి 'రక్షకుండు' అంటూ ఒక్కడి మీద నేరం మోపడం అన్వయదోషం. పైగా మొదటిసారి నెత్తురెక్కుతుండగానే లూసీ చెక్కిళ్లకు జీవకళ తిరిగి వచ్చిందని సీవర్డ్ తన దినచర్యలో చెప్పాడు. నా పూరణ ఇది:

మగువ యుసురు నిలుప, మనుజాశి పడగొట్ట
క్విన్సి మారిసనెడి వీరుడొకడు
వరుస దప్పకుండ వలయు రెంటిని జేసి
రక్త మిచ్చి చంపె రక్షకుండు

ఇది క్రమాలంకారం. ఇచ్చింది లూసీకి, చంపింది డ్రాకులాను.

రక్తనిధి:
'ఇచ్చి'కీ 'చంపె'కూ నడుమ కర్మను మార్చిన ఆ విరుపు నాకు తట్టలేదు, మనసారా మెచ్చుకుంటున్నాను. కానీ నా ఏకవచనాన్ని తప్పుపట్టిన మీరే, డ్రాకులా వేటలో క్విన్సీకి తోడైన జోనాథన్‌ను మరచిపోయారు. క్విన్సీ కత్తి గుండెలో దిగిన క్షణంలోనే జోనాథన్ కుక్రీ (వంకర కత్తి) డ్రాకులా గొంతు కోసింది. పోయిన నెల 'చీకటి' సమస్యలోనూ ఇద్దరు చేసిన పనిని ఒక్కడికే కట్టబెట్టారు, అడిగితే యతి కోసమన్నారు. ఇక నా రక్షకుడు వాన్ హెల్సింగే. ఎవరి నెత్తురు ఎక్కించాలో నిర్ణయించింది ఆయన. మొదటిసారి లూసీకి మత్తుమందు తాగించారు గానీ ఆమె అనుమతి ఎవరూ అడగలేదు. చెక్కిళ్లకు కళ వచ్చిన మాట నిజమే, వర్గాల సంగతి ఎరుగని కాలంలో రచయిత అలాగే రాయగలడు.

కృష్ణాతీరం:
'చీకటి' పూరణలో పొరపాటు నాదే, అప్పుడే ఒప్పుకోవలసింది. ఇక్కడ 'వీరుడొకడు' అన్నచోట జోనాథన్‌కు చోటు కల్పించి రేపటికి సవరిస్తాను. మీరు మాత్రం మొదటి పాదంలో 'నలుగు రొసగినారు' తీసి 'అతడొసంగినాడు' అంటే అన్వయం కుదురుతుంది.

నిర్వాహకుడు:
'క్వి'లోని వకారం 'వీ'తో కలుస్తుంది కనుక 'క్వి–వీ' సంయుక్తాక్షర యతిగా చెల్లుతుంది, దాని జోలికి పోకండి. రక్తనిధి గారు 'నలుగురు' మాటను మార్చవద్దని నా మనవి. తన నెత్తురు కలిసినందున లూసీ తన భార్య అయినట్టేనని ఆర్థర్ నమ్మాడు, తక్కిన ముగ్గురూ తాము ఇచ్చిన సంగతి అతనికి తెలియనివ్వలేదు. ఆ దాపరికమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.