వినాయక చవితి ఊరేగింపు: బ్రాస్ బ్యాండు ఏర్పాట్లు

ఊరేగింపు బాధ్యుడు:
అందరికీ నమస్కారం. బ్రాస్ బ్యాండు (ఇత్తడి ఊదుడు వాయిద్యాల బృందం) వాళ్లు ఒప్పుకున్నారు. శనివారం మధ్యాహ్నం కార్ పార్కు నుంచి హాలు దాకా గణపతి ముందు నడుస్తారు, తర్వాత స్టేజీ మీద అరగంట వాయిస్తారు. పోస్టర్‌లో 'ప్రపంచ ప్రఖ్యాత బ్లాక్ డైక్' అని ఎవరు వేశారో గానీ, ముందు అది తీసేయండి. బ్లాక్ డైక్ వేరే బ్యాండు. మనకు వచ్చేది పక్క ఊరి బ్యాండు.

యాంకరింగ్ చేసే అక్క వీళ్ల గురించి రెండు ముక్కలు రాసివ్వమన్నారు. రాస్తే ఇంత అయింది, మీరే కోసుకోండి.

బ్లాక్ డైక్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. ఇక్కడ ఉత్తర ఇంగ్లండ్‌లో, బ్రాడ్‌ఫర్డ్ పక్కన క్వీన్స్‌బరీలో జాన్ ఫాస్టర్‌ది బ్లాక్ డైక్ అనే ఉన్ని మిల్లు ఉండేది. 1855లో ఊరి బ్యాండును మిల్లే తన నీడలోకి తీసుకుంది. మిల్లులో నేసిన బట్టతోనే యూనిఫాంలు కుట్టించారు. ఈ చుట్టుపక్కల ఇలాంటి కథలు బోలెడు. ఒక ఊళ్లో మిల్లు, ఇంకో ఊళ్లో బొగ్గు గని, మరో చోట చర్చి. మద్యపానం మాన్పించే సంఘాలకు కూడా బ్యాండులుండేవి. 1853లో మాంచెస్టర్ బెల్ వ్యూలో జరిగిన పెద్ద పోటీలో మొదటి బహుమతి కొట్టింది మోస్లీ టెంపరెన్స్ శాక్స్‌హార్న్ బ్యాండు. శాక్స్‌హార్న్ అంటే ఒక రకం ఇత్తడి వాయిద్యం, టెంపరెన్స్ అంటే మద్యం మానడం. పేరులోనే మందు ముట్టబోమని చెప్పుకున్నారు!

పగలంతా మగ్గం దగ్గర నిలబడేవాళ్లు ఇంత సంగీతం ఎలా నేర్చారంటే, మీటల వాయిద్యాలు వచ్చాక పని సులువైంది. జారుడు గొట్టంతో వాయించే ట్రాంబోన్ తప్ప, కార్నెట్ (చిన్న ట్రంపెట్ లాంటిది) నుంచి పెద్ద బేస్ దాకా మూడు నాలుగు మీటలే, వేళ్ల పద్ధతీ ఒకటే. నొటేషన్ కూడా బేస్ ట్రాంబోన్‌కు తప్ప ఊదేవాళ్లందరికీ ఒకే క్లెఫ్‌లో (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) రాస్తారు. బేస్ వాయించే ఆయన మానేస్తే హార్న్ వాయించే కుర్రాడు ఆ చోటికి జరగొచ్చు. ఊపిరి, పెదాల పట్టు మాత్రం మళ్లీ సాధన చేయాల్సిందే. ట్రంపెట్, శాక్సొఫోన్ వీళ్లలో ఉండవు, యాంకర్ అక్క ఆ మాటలు వాడొద్దు.

మిల్లులు పోయినా బ్యాండులు పోలేదు. గ్రైమ్‌థార్ప్ బొగ్గు గని మూతపడుతుందని 1992 అక్టోబరులో ప్రకటన వచ్చింది. కొద్ది రోజులకే ఆ గని బ్యాండు లండన్‌లో జాతీయ పోటీ గెలిచింది. గని 1993లో మూసేశారు, బ్యాండు ఇప్పటికీ ఉంది.

దేవుడి ఊరేగింపు వీళ్లకు కొత్తేమో అన్న సందేహం కొందరికి ఉంది. అసలు లేదు. ఇక్కడి సాడిల్‌వర్త్ ఊళ్ల వైపు విట్ ఫ్రైడే (ఒక క్రైస్తవ పండుగ శుక్రవారం) రోజు పొద్దున చర్చి పిల్లలు జెండాలు పట్టుకుని వీధుల్లో నడుస్తుంటే ముందు నడిచేది బ్యాండే. సాయంత్రం అదే వీధుల్లో మార్చ్ పోటీలు.

కోశాధికారి:
బాగుంది గానీ, ఫీజు ఎవరి పేరు మీద వేయాలి? అరగంటకు అంతా?

ఊరేగింపు బాధ్యుడు:
బ్యాండు ఖాతాకే అండి. వాయించేవాళ్లు రూపాయి తీసుకోరు, అందరూ వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. ఆ డబ్బు వాయిద్యాల రిపేరుకూ రిహార్సల్ గదికీ పోతుంది. బేరం వద్దు ప్లీజ్.

యూత్ టీమ్:
అన్నా, మాస్ సినిమా పాట ఒకటి వాయించమందామా? మన పెళ్లి బ్యాండులా ఊపు రావాలి.

ఊరేగింపు బాధ్యుడు:
తమ్ముడూ, పాతిక మందికి విడివిడిగా నొటేషన్ రాయాలి, నువ్వు రాస్తావా? ఊపు సంగతి డప్పుల టీమ్ చూసుకుంటుంది, వాళ్లను విగ్రహం వెనక పెట్టాం. రెండూ పక్కపక్కన ఉంటే నడక తప్పుతుంది.

నా మనసులో ఉన్నది ముత్తుస్వామి దీక్షితార్ నోటు స్వరం, 'శక్తి సహిత గణపతిం'. మద్రాసులో కంపెనీ సైన్యపు బ్యాండు వాయించే ట్యూన్లు విని, ఆ ధోరణిలో ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. శంకరాభరణం, గమకాలు లేవు, నొటేషన్ చూసి వాయించేవాళ్లకు హాయి. పైగా వినాయకుడి పాట. బ్యాండుల నుంచి మనకొచ్చిన బాణీని మళ్లీ బ్యాండుతో వినిపిస్తే, వీళ్లను పెళ్లి మేళంలా దారి చూపించడానికి మాత్రమే పిలిచినట్టుండదు. స్టేజీ మీద మిగతా టైమంతా వాళ్ల సొంత మార్చ్‌లూ, హిమ్‌లూ (చర్చి పాటలు) వాయించనివ్వాలి. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

సంగీతం టీచర్ గారు:
మా పిల్లలకు ఆ పాట నోటికొచ్చు. ఐదు శ్రుతిలో నేర్పాను. కలిసి పాడితే బాగుంటుంది కదా?

ఊరేగింపు బాధ్యుడు:
తప్పకుండా టీచర్ గారు. ఒక్క చిక్కు. ఐదు శ్రుతి అయితే వాళ్లకు నొటేషన్‌లో షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు) ఎక్కువ పడతాయి. నాలుగుకు దించితే అందరికీ సుఖం. పిల్లలకు కింది స్వరాలు అందుతాయో లేదో చూసి చెప్పండి, ఆ తర్వాతే వాళ్ల కండక్టర్‌కు నొటేషన్ పంపుతా.

భోజనాల కమిటీ:
వాళ్లు రాగానే వేడివేడిగా మిరపకాయ బజ్జీలు పెడదామనుకున్నాం.

ఊరేగింపు బాధ్యుడు:
అయ్యో వద్దండీ! పెదాలు మండితే వాయించేదెలా? ముందు నీళ్లు, టీ చాలు. బజ్జీలు, పులిహోర అయిపోయాక.

ఇంకా తేలనివి: చేతుల్లేని కుర్చీలు 28, అర్ధచంద్రాకారంలో. చేతులుంటే ట్రాంబోన్ వాళ్ల మోచేతులు తగులుతాయి. వాన పడితే ఊరేగింపు హాలు వరండాలోకి మారుతుంది. డ్రమ్స్ వ్యానుకు తలుపు దగ్గరే పార్కింగ్ కావాలి.

స్టేజీ టీమ్:
కుర్చీలు నేను చూసుకుంటా. హాలులో ఉన్నవన్నీ చేతులున్నవే, స్కూలు వాళ్లను అడుగుతా. గురువారం లోపు చెప్తాను.