తూములోకి వదిలే నీళ్ళు: నూనె, సబ్బు, బట్టల పీచు, మందులు (చర్చ)

అలుగు:
ఇంట్లో వాడిన నీళ్ళు కనబడకుండా పోగానే మన బాధ్యత తీరిపోయినట్టు కాదు. అవి సెప్టిక్ ట్యాంకుకో, శుద్ధి కేంద్రానికో, లేదా నేరుగా ఏ వాగులోకో, చెరువులోకో చేరతాయి. అక్కడ ఏం జరుగుతుందో లెక్కలతో సహా మాట్లాడుకుందాం. ఏ అలవాటు ఎంత చెరుపు చేస్తుంది, దాన్ని ఆపాలంటే ఇంట్లో ఏం చేయాలి, ఇవి తెలిసినవాళ్ళు రాయండి.

నూనెతో మొదలుపెడతాను. 1 గ్రాము వంటనూనె పూర్తిగా విచ్ఛిన్నం కావాలంటే దాదాపు 2.9 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 15 మిల్లీలీటర్ల చెంచాడు నూనె సుమారు 14 గ్రాములు తూగుతుంది, అంటే దానికి 40 గ్రాముల ఆక్సిజన్. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు. లెక్క కట్టి చూడండి, ఒక్క చెంచా నూనెకు 5,000 లీటర్ల నీటిలోని ఆక్సిజనంతా సరిపోతుంది. పారే నీటికైతే గాలి నుంచి ఆక్సిజన్ మళ్ళీ మళ్ళీ అందుతుంది కాబట్టి అంత ముప్పు ఉండదు. నిలవ నీటి మీద నూనె తెట్టు కట్టినప్పుడు గాలి కలవడం కూడా మందగిస్తుంది. చేపలు నోళ్ళు పైకి తెరిచి తేలేది అలాంటి చోట్లే.

రాగిచెంబు:
అంట్ల లిక్విడ్ వేసి వేడినీళ్ళు పోస్తే నూనె కరిగి పోతుంది కదా? చాలామంది చేసేది అదే.

పైపులైను:
అసలు పొరపాటు అక్కడే ఉందండీ. నూనె కరగదు, సన్నని బిందువులుగా చెదురుతుంది అంతే. సింకు కింద పైపు దాటేసరికి నీళ్ళు చల్లారతాయి, ఇంకోచోటి నీళ్ళు కలిసి లిక్విడ్ పలచబడుతుంది, జిడ్డు మళ్ళీ విడిపోయి పైపు గోడకు పడుతుంది. అడ్డం మీ సింకు దగ్గర పడదు, పది మీటర్ల అవతల పడుతుంది. తేడా అంతే.

అక్కడ ఇంకో పని కూడా జరుగుతుంది. జిడ్డులోంచి విడివడిన కొవ్వు ఆమ్లాలు నీటిలోనూ, సిమెంటు పైపుల్లోనూ ఉండే కాల్షియంతో కలిసి కాల్షియం సబ్బుగా మారతాయి. అది నీళ్ళలో కరగదు, గట్టిపడితే సుద్దరాయిలా ఉంటుంది. దానికి తడి తుడుపు కాగితాలు, జుట్టు, దూది చుట్టుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల కింద ఇలాగే పేరుకున్న గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. మురుగు పైపు పూడితే నీళ్ళు మ్యాన్‌హోల్ లోంచి పొంగుతాయి, వాన కాలువలో పడి శుద్ధి కాకుండానే ఏటికి పోతాయి.

చేయాల్సింది ఇది. మూకుడు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. పూర్తిగా చల్లారితే జిడ్డు అంటుకుపోతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. రబ్బరు గరిటెతో అంచుల నుంచి మధ్యకు గీకి, పాత కాగితంతో లోపలంతా తుడవండి. వేలితో రాస్తే గీత పడనంతగా తుడిచాకే నీళ్ళు తగలాలి. ఇలా చేస్తే లిక్విడ్ సగం కూడా పట్టదు. వాడేసిన నూనె ఎక్కువగా ఉంటే వడగట్టి మూత ఉన్న డబ్బాలో పోసి ఉంచండి. బయోడీజిల్ కోసం తీసుకునేవాళ్ళు ఉంటే వాళ్ళకివ్వండి. లేకపోతే రంపపు పొట్టులోనో, చించిన కాగితంలోనో ఇంకేలా కలిపి చెత్తబుట్టలో వేయండి. కంపోస్టులో మాత్రం పోయకండి. నూనె పూత పట్టిన చెత్తకు గాలి ఆడదు, రెండు రోజుల్లో కుళ్ళు కంపు మొదలవుతుంది.

అలుగు:
గ్రీజు ట్రాప్ (సింకు నీళ్ళలోని జిడ్డును పట్టి ఉంచే తొట్టి) ఉన్న ఇళ్ళకు ఒక మాట చేరుస్తాను. పైన తేలే జిడ్డు, అడుగున చేరే మడ్డి రెండూ కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు వచ్చేసరికి శుభ్రం చేయాలి. అది దాటితే ట్రాప్ ఉన్నా లేనట్టే, జిడ్డు నేరుగా దాటిపోతుంది. మరుగుతున్న నీళ్ళు దాంట్లో పోస్తే పట్టి ఉంచిన జిడ్డు కూడా కరిగి వెళ్ళిపోతుంది.

రాగిచెంబు:
సబ్బు సంగతి? నురగ ఎక్కువ వస్తే నీటికి ఎక్కువ హాని అని చెప్తారు.

అలుగు:
నురగను బట్టి చెప్పలేం. ఒకప్పుడు కొంత నిజం ఉండేది. పాతకాలపు డిటర్జెంట్లలోని కొమ్మలున్న అణువులను బాక్టీరియా తినలేకపోయేది, నదుల మీద నురగ మేటలు వేసేది. 1960ల నడుమ చాలా దేశాల్లో తిన్నని గొలుసున్న అణువులకు మారారు. ఇవి గాలి ఆడే నీటిలో కొద్ది రోజుల్లో విరిగిపోతాయి. ఆక్సిజన్ లేని సెప్టిక్ మడ్డిలో మాత్రం విరగవు.

కంటికి కనబడని భాస్వరమే అసలు సమస్య. చాలా పౌడర్లలో నీటిలోని కాల్షియాన్ని పట్టుకోవడానికి సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కలిపేవారు, కొన్నిచోట్ల ఇంకా కలుపుతున్నారు. దాని బరువులో నాలుగో వంతు భాస్వరం. మంచినీటి చెరువులో నాచుకు సాధారణంగా కొరతగా ఉండేది అదే. కొరత తీర్చిన మరుక్షణం నాచు విరగబడి పెరుగుతుంది. కెనడాలోని ఒంటారియోలో 1973లో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా చీల్చింది. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం వేశారు. భాస్వరం పడిన సగం పచ్చగా మారింది, పడని సగం తేటగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇంక వాదన అక్కర్లేదు.

ఒక ఉతుకుకు మనం పోసే కప్పు పౌడర్ లెక్క చూద్దాం. పౌడర్‌లో 20 శాతం ఆ ఫాస్ఫేట్ ఉందనుకుంటే 80 గ్రాముల కప్పులో 4 గ్రాముల భాస్వరం. 1 గ్రాము భాస్వరంతో దాదాపు 110 గ్రాముల ఎండు నాచు పెరగగలదు. అది చచ్చి కుళ్ళేటప్పుడు 140 గ్రాముల ఆక్సిజన్ తాగుతుంది. కాబట్టి ఒక్క కప్పుకు 560 గ్రాములు, పైన చెప్పిన లెక్కన 70,000 లీటర్ల నీటిలోని ఆక్సిజన్. శుద్ధి కేంద్రం ఉంది కదా అనుకోకండి. భాస్వరం కోసం ప్రత్యేక ఏర్పాటు లేని మామూలు కేంద్రం అందులో కొద్ది భాగాన్నే పట్టగలదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2013 జూన్ 30 నుంచి ఇళ్ళలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఒక ఉతుకు మోతాదుకు 0.5 గ్రాముల భాస్వరమే పరిమితి పెట్టింది. ప్యాకెట్ వెనక ఫాస్ఫేట్ లేదని రాసి ఉండాలి, లేదా దానికి బదులు వాడే జియోలైట్, సిట్రేట్ పేర్లు కనబడాలి. అది చదివే కొనండి.

మెషీన్‌పని:
మోతాదు గురించి నేను చెప్తాను. కప్పు నిండా పోయడం దాదాపు అందరూ చేసే తప్పు. మీ నీళ్ళు మెత్తనివో కఠినమైనవో తెలియకుండా మోతాదు తేలదు. సగం సీసా నీళ్ళలో నాలుగైదు చుక్కల అసలైన సబ్బు ద్రావణం వేసి గట్టిగా కుదపండి. డిటర్జెంట్‌తో ఈ పరీక్ష కుదరదు, అది కఠిన జలంలోనూ నురుగుతుంది. పైన దట్టంగా నురగ, కింద తేట నీళ్ళు ఉంటే మెత్తని నీళ్ళు. నురగ పలచగా ఉండి నీళ్ళు పాలలా తెల్లబడితే కఠిన జలం. మెత్తని నీళ్ళకు ప్యాకెట్ మీద రాసిన అతి తక్కువ మోతాదు చాలు.

ఎక్కువ పోస్తున్నారో లేదో ఇంకోలా కూడా తెలుస్తుంది. ఉతికిన బట్టలను పౌడర్ లేకుండా ఒక్కసారి జాడించే సైకిల్‌లో పెట్టండి. మెషీన్ తలుపు అద్దం మీద నురగ లేస్తే అదంతా పోయినసారి మిగిలిన సబ్బే. కఠిన జలానికి మరీ తక్కువ పోసినా చిక్కే, మురికి మళ్ళీ బట్టకే అంటి బూడిదరంగు తేలుతుంది, మళ్ళీ ఉతకాల్సి వస్తుంది.

బట్టల పీచు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలిస్టర్, అక్రిలిక్ బట్టలు ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పీచు రాలుస్తాయి. 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధనలో 6 కిలోల అక్రిలిక్ బట్టల నుంచి ఒక్క ఉతుకులో 7 లక్షలకు పైగా పోగులు రాలవచ్చని తేలింది. రాపిడి, నీళ్ళు, వేడి ఈ మూడే రాలడాన్ని పెంచేవి. అందుకని డ్రమ్ము సరిపడా నింపి, 30 డిగ్రీలకు మించకుండా, చిన్న సైకిల్‌లో ఉతకండి. సున్నితమైన బట్టల సైకిల్ మంచిదనుకుంటారు. అందులో నీళ్ళు బాగా ఎక్కువ వాడతారు కాబట్టి పీచు ఇంకా ఎక్కువ రాలుతుంది.

దయచేసి ఒక్క పని మానండి. ఫిల్టర్‌కు పట్టిన పీచును కుళాయి కింద కడుగుతారు. పట్టిందంతా మళ్ళీ తూములోకే! ఫిల్టర్‌ను గాలికి ఆరనివ్వండి. ఆరిన పీచు బూడిదరంగు దుప్పటి ముక్కలా అంచు నుంచి ఒక్కసారే ఊడొస్తుంది. దాన్ని మడిచి చెత్తబుట్టలో వేయండి. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే దులపండి.

పెరటితోట:
ఉతికిన నీళ్ళు మొక్కలకు పోసేవాళ్ళకు. పౌడర్లలో బరువు కోసం సోడియం సల్ఫేట్, క్షారం కోసం సోడా కలుపుతారు. ఆ సోడియం బంకమట్టి రేణువులను విడదీసి నేల మీద గట్టి పెచ్చు కట్టిస్తుంది, నీళ్ళు ఇంకవు. ఆకుల అంచులు మాడడం మొదటి గుర్తు. లిక్విడ్‌లో సోడియం తక్కువ, అది వాడండి. మొదటి ఉతుకు నీళ్ళు వదిలేసి జాడించిన నీళ్ళే పట్టండి. ఒకసారి ఇవి పోస్తే తరువాతిసారి మామూలు నీళ్ళు పోయండి. పెచ్చు కట్టిన నేలకు జిప్సం చల్లి బాగా తడిపితే కాల్షియం వచ్చి సోడియాన్ని తోసేస్తుంది. ఈ నీళ్ళు 24 గంటలకు మించి నిలవ ఉంచితే కుళ్ళు వాసన వస్తుంది. పచ్చిగా తినే ఆకులకు, కుండీలకు అసలు వద్దు. కుండీలోని కొద్దిపాటి మట్టిలో ఉప్పు త్వరగా పేరుకుంటుంది.

రాగిచెంబు:
గడువు తీరిన మాత్రలు, సిరప్‌లు? టాయిలెట్‌లో పారేస్తే పిల్లలకు అందవని అలా చేస్తుంటారు.

అలుగు:
ఉద్దేశం మంచిదే, దారి కాదు. శుద్ధి కేంద్రాలు మందుల కోసం కట్టినవి కావు. కెనడాలోనే 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 వరకు గర్భనిరోధక మాత్రల్లోని హార్మోను కలిపి చూశారు. లీటరుకు 5, 6 నానోగ్రాములే (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు). ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నీటిలోకి చేరే మందుల్లో ఎక్కువ భాగం మన ఒంట్లోంచే వస్తుందన్నది నిజమే. అది మన చేతిలో లేదు, డబ్బాలో మిగిలినది ఉంది. వెనక్కి తీసుకునే మందుల దుకాణం ఉంటే ఇవ్వండి. లేకపోతే స్ట్రిప్ లోంచి తీసి తడిమట్టిలోనో, రంపపు పొట్టులోనో కలిపి, మూసిన సంచిలో చెత్తకు వేయండి. ప్యాకెట్ మీద పారేసే పద్ధతి వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి.

పైపులైను:
బ్లీచింగ్ గురించి హెచ్చరిక. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఎక్కువ బ్లీచ్ సెప్టిక్ ట్యాంకులోకి పోతే మురుగును అరిగించే బాక్టీరియా చస్తుంది, అరగని మడ్డి పక్కనున్న నేలలోకి, బావుల్లోకి దిగుతుంది.

రాగిచెంబు:
ట్యాంకు నిండిందో లేదో పొంగేదాకా తెలియదు. ముందే చూసే వీలుందా?

పైపులైను:
ఉందండీ. రెండు మీటర్ల కర్ర కింది సగానికి గరుకైన తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి కట్టండి. మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. దగ్గర మంట, సిగరెట్టు ఉండకూడదు, తల లోపలికి వంచకూడదు. ఆ వాయువులకు మనిషి క్షణాల్లో పడిపోతాడు. కర్రను అడుగు తగిలేదాకా నిలువుగా దించి, మూడు నాలుగు నిమిషాలు ఉంచి నెమ్మదిగా పైకి తీయండి. తువ్వాలు మీద మడ్డి ఉన్నంత మేర నల్లగా పట్టుకుంటుంది, ఆపైన నీళ్ళ తడి మాత్రమే ఉంటుంది. నలుపు ఎత్తు, మొత్తం తడి ఎత్తు కొలవండి. నలుపు మూడో వంతుకు వచ్చిందంటే ట్యాంకు ఖాళీ చేయించండి. బయటికి వెళ్ళే పైపు దగ్గర కిందికి దిగే టీ (T) ఆకారపు పైపు ముక్క ఊడిపోలేదని అప్పుడే చూసుకోండి. అది లేకపోతే పైన తేలే జిడ్డు తెట్టంతా నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది.