మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీటింగులో స్క్రీన్‌షాట్ నల్లగా వస్తోంది, మీరేం చేస్తున్నారు?

మారతహళ్ళి_ఉబుంటు
సోమవారం నుంచి ఏ మీటింగులో స్క్రీన్‌షాట్ తీసినా నల్లని పలక వస్తోందని మా జట్టువాళ్లంతా అంటున్నారు. నా గతి ఇంకా అన్యాయం. నా కంప్యూటర్లో విండోస్ కాదు, ఉబుంటు ఉంది. దాంట్లో బ్రౌజర్ నుంచి చేరితే మాటలు వినిపిస్తాయి, స్లైడు కనబడదు. క్లయింటు అరగంటలో ముప్ఫై బొమ్మలు తిప్పేస్తాడు. మీరు నోట్సు ఎలా రాసుకుంటున్నారు? దీన్ని ఆపించాలంటే ఎవరిని అడగాలి?

భద్రత_18ఏళ్లు
పద్దెనిమిదేళ్లుగా ఇదే నా పని, కనుక చెబుతున్నాను. ఈ కిటికీని (విండోను) ఎవరినీ బొమ్మ తీయనివ్వవద్దని ప్రోగ్రామే విండోస్‌కు చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాంకు యాప్ స్క్రీన్‌షాట్ తీయనివ్వదు చూడండి, ఆ పద్ధతే. ఆ హామీ ఇవ్వలేని చోట నుంచి చేరినవారికి శబ్దం మాత్రమే వదులుతారు. మీ ఉబుంటులో లోపమేమీ లేదు.

బెళ్ళందూరు_బాబాయ్
ఇంత హడావిడి ఎందుకు? ఫోను తీసి తెరను ఫొటో కొట్టండి. ఏ తాళం ఆపుతుంది?

పేరు_వద్దు_77
బాబాయ్ గారూ, ఆ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. నేను అదే చేశాను. స్లైడు మీద వాటర్‌మార్కుగా నా ఈమెయిలు ఏటవాలుగా, లేత బూడిద రంగులో పరుచుకుని ఉంది. చూస్తూ చూస్తూ కంటికి ఆనడం మానేసింది. ఫొటో జట్టు గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి హెచ్‌ఆర్ నుంచి పిలుపు. ఆ ఏడాది జీతం పెరగలేదు.

బెళ్ళందూరు_బాబాయ్
గ్రూపులో పెట్టింది మీరు. ఫొటో తీయడం తప్పు కాదు, పంచడం తప్పు.

పేరు_వద్దు_77
గ్రూపులో ఉన్న ఆరుగురూ ఆ మీటింగులో ఉన్నవాళ్లే! మీ జీతం ఆగి ఉంటే ఇలాగే మాట్లాడేవారా?

భద్రత_18ఏళ్లు
ఇద్దరూ ఆగండి. క్లయింటు సమాచారాన్ని సొంత ఫోనులోకి ఎక్కించడమే ఒప్పందాన్ని మీరడం. పంచడం ఆ తర్వాతి మాట.

సంధ్య_వైట్‌ఫీల్డ్
మీరంతా స్లైడ్ల గురించే మాట్లాడుతున్నారు. మీటింగు నడుస్తుండగా ఒక సీనియర్ నా గురించి చాట్‌లో రాయకూడని మాట రాసి నిమిషంలోపే తుడిచేశాడు. ఆ నిమిషంలో నేను తీసిన స్క్రీన్‌షాటే నాకు దిక్కయింది. పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింది నియమాల ప్రకారం కంపెనీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఆరు ప్రతులుగా, ఆధారాలు జతచేసి ఇవ్వాలి. ఆ రోజు తెర నల్లగా వచ్చి ఉంటే ఏం జతచేసేదాన్ని?

భద్రత_18ఏళ్లు
కంపెనీ దాచే ఏర్పాటు పెట్టుకుని ఉంటే సర్వరులో ప్రతి ఉంటుందమ్మా. ఐటీ వాళ్లను అడిగితే తీసి ఇస్తారు.

సంధ్య_వైట్‌ఫీల్డ్
మా ఐటీ అధికారి, ఆ సీనియరూ రోజూ ఒకే కారులో వస్తారు. మీ పద్దెనిమిదేళ్లలో ఇలాంటిది చూడలేదేమో.

ఒంటి_చెవి
నాకు ఒక చెవి అసలు వినపడదు, రెండోది అంతంతమాత్రం. పెదవులు చూస్తూ మాట అందుకుంటాను. శబ్దం మాత్రమే అంటే నన్ను తలుపు బయట నిలబెట్టినట్లే. విండోస్ లాప్‌టాప్ కోసం మూడు వారాలు తిరిగాను.

పీజీ_మూడోమంచం
నేనుండే పీజీలో, అంటే పేయింగ్ గెస్టు వసతిలో, ఒక్కో గదికి ముగ్గురం. మంచం మీద కూర్చుని మీటింగులో చేరితే వెనక మంచాల మీద ఇద్దరు, వేరే వేరే కంపెనీల వాళ్లు, తీరిగ్గా చదువుకోవచ్చు. రహస్యం అంత ముఖ్యమైతే ముందు ఒక గది ఇప్పించండి.

బెళ్ళందూరు_బాబాయ్
పీజీ ఎక్కడ? మా మేనల్లుడు వచ్చే నెల దిగుతున్నాడు. ఆంధ్ర భోజనం ఉంటుందా?

పీజీ_మూడోమంచం
కుందలహళ్ళి గేటు దగ్గర. పప్పు బాగుంటుంది, నీళ్లకే కటకట.

మారతహళ్ళి_ఉబుంటు
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆపించాలంటే ఎవరిని అడగాలి?

పేరు_వద్దు_77
మీటింగు పెట్టినవారిని. అది వాళ్లు ఏ మీటింగుకు ఆ మీటింగుకు పెట్టుకునే సెట్టింగు, దానంతటది ఆన్ కాదు. అదనంగా డబ్బు కట్టి తీసుకునే టీమ్స్ ప్రీమియం ఉన్నవారికే దొరుకుతుంది. మీ లీడ్‌ను అడగండి. ఫోను మాత్రం జేబులోనే ఉంచండి.