కర్నూలు నుంచి విశాఖకు విమానంలో నిజంగా ఎంతసేపు?

సీమవాసి:
ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విశాఖకు 580 కిలోమీటర్లు, ప్రయాణం గంటా పది నిమిషాలు అని దూరాలు లెక్కగట్టే వెబ్‌సైటులో చూశాను. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, ఒక పూట పోతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

లెక్కల మనిషి:
ఆ 580 మ్యాపు మీద గీసిన తిన్నని గీత. దాన్ని జెట్ వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఇంత అని కలిపితే గంటా పది వస్తుంది. చిన్న విమానాశ్రయాలకు ఎక్కువగా తిరిగేది జెట్ కాదు, ఏటీఆర్ 72 అనే పంకాల విమానం. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. కాబట్టి తలుపు మూసింది మొదలు తెరిచేదాకా గంటన్నర అనుకోండి. అలాగని ఏటీఆర్‌ను తిట్టుకోనక్కరలేదు. ఇంత తక్కువ దూరానికి ఎయిర్‌బస్ అయినా పైకెక్కి కుదురుకునేలోపే దిగడం మొదలుపెడుతుంది. కలిసొచ్చేది మహా అయితే ఇరవై నిమిషాలు.

కొండారెడ్డి బురుజు:
బాగుందండీ, విమానం ఉన్న రోజున! 2021 మార్చిలో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం కింద ఇక్కడి నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు మొదలైనప్పుడే అవి వారంలో కొన్ని రోజులకు పరిమితం. లేని రోజున టికెట్ల యాప్ బెంగళూరు మీదుగా పొమ్మంటుంది. ఈశాన్యానికి పోవలసినవాడు ముందు దక్షిణానికి 280 కిలోమీటర్లు పోయి, అక్కడి నుంచి మరో 770 ఎగరాలి. 580 కాస్తా 1,050 అయింది. బెంగళూరులో పడిగాపులు అదనం. దానికన్నా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే మూడు గంటల్లో శంషాబాద్. అక్కడి నుంచి విశాఖకు రోజూ బోలెడు విమానాలు. నేను వెళ్లేది అలాగే.

విశాఖ తీరం:
అందరూ మీలాగే శంషాబాద్ దారి పడితే ఓర్వకల్లులో సీట్లు ఎలా నిండుతాయి? ఉడాన్‌లో విమాన సంస్థకు నష్టం పూడ్చే సొమ్ము అందేది మూడేళ్లే. తర్వాత సర్వీసు నిలబడాలంటే ప్రయాణికులే దిక్కు. వాడుకోకుండా లేదు లేదంటే ఎలా?

కొండారెడ్డి బురుజు:
విశాఖలో మంగళవారం కోర్టు వాయిదా, విమానం బుధవారం. జడ్జిగారికి ఉడాన్ గురించి చెప్పమంటారా? ముందు రోజూ నడపమనండి, ఎక్కకపోతే అప్పుడు అడగండి.

విశాఖ తీరం:
రోజూ నడపాలంటే ముందు జనం ఉండాలి.

కొండారెడ్డి బురుజు:
జనం రావాలంటే ముందు విమానం ఉండాలి.

నంద్యాల నుంచి:
మీ వాదన తెల్లారదు గానీ, ఓర్వకల్లు చేరడానికే మాకు గంట పడుతుంది. విమానానికి ఇంకో గంట ముందుండాలి. రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే మర్నాడు విశాఖ స్టేషనులో, ఊరి మధ్యలో దిగుతాం. పడక టికెట్ దొరకడమే కష్టం.

లెక్కల మనిషి:
ఆ లెక్కన గంటన్నరకు రెండు కొసలా ఉన్న రోడ్డు ప్రయాణాన్నీ కలపాల్సిందే. విశాఖలో నేవీ ఎయిర్‌ఫీల్డులో దిగితే ఊరు పక్కనే. భోగాపురం కొత్త విమానాశ్రయంలో దిగితే 45 కిలోమీటర్లు వెనక్కి రావాలి.

విశాఖ తీరం:
భోగాపురం సంగతి ఇక్కడ ఎత్తకండి, దానికి వేరే చర్చ పెట్టినా చాలదు. సీమవాసి గారూ, ఇంతకీ మీరు వెళ్లేది ఏ వారం?