పోర్టు కంటెయినర్లు రోడ్డా రైలా, వెయిట్లు ఎలా వేయాలి?

గాజువాక కుర్రాడు: ఎంటెక్ ప్రాజెక్టు అన్నా. వైజాగ్ పోర్టు నుంచి వెళ్లే కంటెయినర్లకి రోడ్డు, రైలు, రెండూ కలిపి, ఈ మూడిట్లో ఏది బెటరో ఏహెచ్‌పీతో తేల్చాలి, అంటే అంశాల్ని రెండేసి చొప్పున పోల్చమని అడిగి, ఏది ఎంత ముఖ్యమో వెయిట్లు తీసే పద్ధతి. ఖర్చు, టైము, డ్యామేజీ, పొల్యూషన్ లాంటివి ఏడు అంశాలు పెట్టా, లారీ ఓనర్లు ఫారం సగంలో వదిలేస్తున్నారు, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగట్లేదో చెప్పే కన్సిస్టెన్సీ రేషియో 0.25 వస్తోంది.

పాత లాజిస్టిక్స్: తమ్ముడూ, ఏడంటే 21 జంటలు, లోడింగ్ హడావుడిలో ఉన్నాయన 1 నుంచి 9 స్కేలు మీద అన్నిసార్లు ఎలా ఆలోచిస్తాడు చెప్పు. నాలుగుకి తగ్గించు, ఆరు జంటలే వస్తాయి. ఏహెచ్‌పీ కనిపెట్టిన సాటీ ఆ రేషియోకి పెట్టిన హద్దు 0.10, దాటితే మళ్లీ వెళ్లి అడుగు, నంబర్లు మాత్రం నువ్వు దిద్దకు.

సింధు: వెయిట్లు ఏహెచ్‌పీతో తీసి ర్యాంకులు టాప్సిస్‌తో చేయండి, అన్నిట్లో బెస్ట్ అనుకున్నదానికి ఎంత దగ్గరో, చెత్తదానికి ఎంత దూరమో చూసి ర్యాంకులిచ్చేది, హ్వాంగ్, యూన్ 1981లో ఇచ్చిన పద్ధతి. కాకపోతే కొత్త ఆప్షన్ కలిపితే పాత ర్యాంకులు తారుమారవ్వచ్చు, అందుకే వెయిట్లు కొంచెం అటూఇటూ మార్చి చూడండి. ఇంకోటి, ఓనర్లనే కాదండీ, పోర్టు దగ్గర కాన్వెంట్ జంక్షన్ వైపు ఇళ్లలో దుమ్ము తుడుచుకునే వాళ్లనీ అడగండి, పొల్యూషన్‌కి వాళ్లిచ్చే వెయిటే వేరు.

గాజువాక కుర్రాడు: అది తట్టనే లేదండీ! ఈ ఆదివారమే వెళ్తా.